ముందు కుడికాలు

ముట్టుకాడు వంతెన దాటి, చేపలమ్మే ఆడవాళ్ళు కూర్చునే చోట సైకిలుని రెయిలింగుకి ఆనించి మీట నొక్కి ఆపేశాను, ఆరు కావడానికి ఇంకా పది నిమిషాలుంది, ఏడింటికి మా ఆయన ఆనందన్ నిద్రలేస్తాడు, అంటే నా చేతిలో ఉన్నది ఒక గంట, ఈ గంటలో నేను తేల్చుకోవలసింది ఒక్కటే, లోపం ఈ బండిదా, నా కాళ్ళదా. బండిదయితే దిగుల్లేదు, విప్పుతారు, బిగిస్తారు, వస్తువే కదా. కాళ్ళదయితే మాత్రం నాలుగేళ్ళ కిందటిది మళ్ళీ మొదలైనట్టు. ఆ మాటని మనసులో కూడా పూర్తిగా అనుకోవడం నాకిష్టం లేదు, అందుకే మొగుడికి కూడా చెప్పకుండా ఇవాళ పదకొండింటికి నరాల డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను, సూదులు గుచ్చి కరెంటు పెట్టి కాళ్ళలో నరాలు కబురు ఎంత వేగంగా మోస్తున్నాయో చూస్తారు, ఆ గదిలోకి వెళ్ళే ముందు నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను, షోళింగనల్లూరు నుంచి ఇక్కడిదాకా, ఇక్కడినుంచి ఎదురుగాలిలో మళ్ళీ ఇంటిదాకా, దారిలో ఎక్కడా చేతులెత్తేయకుండా. సగం పరీక్ష అయింది. గాలి వీపున ఉండి తోస్తున్నా ఉత్తండి దాటేసరికి తొడలు బరువెక్కాయి, అసలు సగం ఇంకా ముందుంది. ఫోను చేసి కారు తెమ్మంటే ఆనందన్ అరగంటలో వస్తాడు, ఏమీ అడగడు కూడా, కానీ నా మొహం చూస్తాడు, చూస్తే అన్నీ తెలిసిపోతాయి.

గాలి ఈశాన్యం నుంచి వస్తోంది. అరవవాళ్ళ ఐప్పసి నెల పుట్టిందంటే చెన్నైలో గాలి ఇలాగే తిరుగుతుంది, సముద్రం మీద తడిని మోసుకొచ్చి రోడ్డు పొడుగునా మనుషుల మొహాన కొడుతుంది. ఈ ఊళ్ళో కొండలు లేవు, ఉన్న ఎత్తులన్నీ ఫ్లైఓవర్లే, అందుకే నేనీ మోటారు సైకిలు, ఛ, మోటారు సైకిలంటే వేరే అర్థం, మోటారున్న సైకిలు, ఇది కొన్నప్పుడు బల్లపరుపు ఊరికి మోటారెందుకని నవ్వనివాళ్ళు లేరు, తెల్లారి తొక్కే గుంపులో కుర్రాళ్ళు నాకు మోటారాంటీ అని పేరు కూడా పెట్టారు. వాళ్ళకి గాలి సంగతి తెలియదు. కొండెక్కితే దిగుడు వస్తుంది. గాలికి దిగుడు లేదు, ఇల్లు చేరిందాకా అది ఎక్కుడే. నా ఎదురుగా, సముద్రం లోపలికి చొచ్చిన వెనకనీళ్ళ మీద ఎండ ఇంకా పడలేదు, నీళ్ళు బూడిదరంగులో వంతెన కింద నుంచి సముద్రంలోకి పోతున్నాయో, సముద్రమే లోపలికి వస్తోందో చెప్పలేను, ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది, దానికి ఒక కాలు చాలు, నిలబడటానికి దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. నా బండిని చూస్తే మాత్రం ఎవరూ సాయం చేసే బండి అనుకోరు. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు, రెండు వేళ్ళ వెడల్పు టైర్లు, మామూలు రేసు సైకిలు. బ్యాటరీ కింది గొట్టం లోపల దాక్కుని ఉంది, మోటారు వెనకచక్రం ఇరుసులో, పైకి కనపడేది పైగొట్టం మీద ఒక మీట, నొక్కితే దాని చుట్టూ గాజు గాజంత సన్నంగా తెల్లగా వెలిగే దీపం, అంతే.

లోపాలు వెతకడం నా వృత్తి. ఇరవై రెండేళ్ళుగా ఇంకొకరు రాసిన సాఫ్ట్‌వేరులో తప్పులు పట్టి జీతం తీసుకుంటున్నాను, ఏ మీట తర్వాత ఏ మీట నొక్కితే తప్పు బయటపడుతుందో వరసగా రాసివ్వాలి, రాసింది చూసి ఇంకొకడు చేసినా అదే తప్పు రావాలి, అప్పుడే అది తప్పు, లేకపోతే నా భ్రమ. ఈ బండి తప్పు ఎవరికీ రావడం లేదు, నాకొక్కదానికే వస్తోంది. మూడు వారాలుగా ఎంత తొక్కినా సాయం రాదు, బాగా కసిగా తొక్కితే పక్కింటివాళ్ళు అప్పిచ్చినట్టు ఆలస్యంగా, కాస్తంత వస్తుంది, మళ్ళీ పోతుంది. అరుళ్ దగ్గరికి మూడుసార్లు తీసుకెళ్ళాను. అరుళ్ ఈ బండి నాకు అమ్మినవాడు, బాగు చేసేవాడూ వాడే, ప్రతిసారీ మీట నొక్కుతాడు, ఎక్కుతాడు, సందు చివరిదాకా ఈల వేసుకుంటూ పోయి వస్తాడు, “ఎల్లాం కరెక్టా ఇరుక్కు మేడమ్” అంటాడు, అంతా సరిగ్గానే ఉందట. ఒక వైరు మార్చాడు, పెడళ్ళ ఇరుసు విప్పి తుడిచాడు, కంప్యూటరు తగిలించి ఏదో కొత్తది ఎక్కించాడు. మూడోసారి మాత్రం చేతులు తుడుచుకుంటూ పాపం ఏ దురుద్దేశం లేకుండానే అడిగాడు, మేడమ్, మీకు కాళ్ళేమైనా వీక్‌గా ఉన్నాయా, అని. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉందేమో నా కథ. ఆ రోజు ఇంటికి తొక్కుకుంటూ రాలేదు, నడిపించుకుంటూ వచ్చాను.

ఎందుకంటే కాళ్ళు వీక్ అవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒక సోమవారం చెప్పులో కాలు పెడితే చెప్పు ఉందో లేదో తెలియలేదు, బుధవారానికి మెట్లు ఎక్కలేకపోయాను, శుక్రవారం చెంచా జారింది, శనివారం నీళ్ళు మింగుడు పడలేదు, ఆదివారం ఊపిరి. వారం రోజుల్లో పాదాల నుంచి గొంతు దాకా ఒక్కో గదిలో దీపం ఆర్పుకుంటూ వెళ్ళినట్టు వెళ్ళింది. గిలాన్ బారే అని దాని పేరు, ఒంటిని కాపాడాల్సిన కాపలావాళ్ళే పొరపాటున ఒంటి నరాల మీద పడతారట, డాక్టరు చెప్పాడు, బుద్ధి మాత్రం చెక్కుచెదరదు అని కూడా చెప్పాడు, అది నిజం, పంతొమ్మిది రోజులు వెంటిలేటరు మీద కదలకుండా పడుకున్నప్పుడు నా బుద్ధి గోడగడియారంలా టకటకా కొట్టుకుంటూనే ఉంది. మొదట్లో ఊపిరంతా ఆ యంత్రమే పోసేది, దాని లెక్క ప్రకారం నా రొమ్ము లేచేది, పడేది, నాతో పనిలేదు. పన్నెండో రోజు దాని పద్ధతి మార్చారు. డాక్టరు చెవి దగ్గర వంగి అన్నాడు, “కొంచెం మీరు లాగండమ్మా, చాలు. మిగతాది అది చూసుకుంటుంది.” నేను లాగాలని యంత్రం కాచుకుని ఉంది. అంతవరకూ నా జీవితంలో నాకోసం అలా కాచుకున్నది ఏదీ లేదు, నా పిల్ల పుట్టినప్పుడు కూడా అందరూ తొందరపెట్టినవాళ్ళే. ఆవగింజంత లాగాను. ఆ ఆవగింజని అది విన్నది. విని, గాలిని నిండుగా పోసింది. నేను ఏడ్చాను, కళ్ళు మాత్రమే నావి కాబట్టి కళ్ళతోనే ఏడ్చాను, నర్సు నొప్పి అనుకుని మందు వేసింది. అది నొప్పి కాదు, ఆశ్చర్యం. ఒక ఇనప పెట్టె నా ప్రయత్నాన్ని గుర్తుపట్టింది, అంత చిన్నదాన్ని.

నడక వచ్చిన ఏడాదికి, ఫిజియోథెరపీ అమ్మాయి సైకిలు తొక్కితే మంచిదంది, మామూలు సైకిలు మీద అరకిలోమీటరుకే నా పని అయిపోయేది, ఆనందన్ ఎవరినో కనుక్కుని అరుళ్ కొట్టుకి తీసుకెళ్ళాడు. ఈ బండిని చూపించి అరుళ్ అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను. “నీంగ కొంజం మిదిచ్చా పోదుం మేడమ్, మీదియె అదు పాత్తుక్కుం.” మీరు కొంచెం తొక్కితే చాలు, మిగతాది అది చూసుకుంటుంది. డాక్టరు మాటే, అరవంలో. నేను కొట్టు మధ్యలో నిలబడిపోయాను. పెడళ్ళ ఇరుసు లోపల ఒక కొలిచేది ఉందట, మనం తొక్కితే ఉక్కు ఇరుసు వెంట్రుకలో వెయ్యోవంతు మెలిపడుతుందట, ఆ మెలికని అది ఒక్క చుట్టులో వందసార్లు కొలుస్తుందట, పాదం ఎంత ఇస్తే దానికి తగ్గట్టు వెనక మోటారు కలుపుతుందట, పాదం ఊరుకుంటే అదీ ఊరుకుంటుంది, చేసుకున్నమ్మకి చేసుకున్నంత. ఇరవైఐదు వేగం దాటితే ఇక నీకు నా అవసరం లేదని తప్పుకుంటుంది కూడా. ఉక్కు మెలిపడటమేమిటి, నా పాదానికి, చెప్పు ఉందో లేదో తెలియని ఆ పాదానికి. మొదటిరోజు అక్కరై దగ్గర రోడ్డు ఎడమకి తిరిగి సముద్రపు గాలి మొహాన కొట్టగానే బండి నాతో పాటు బలం పుంజుకుంది, నా తొడలే పాతికేళ్ళ తొడలైనట్టుంది, నేను పెద్దగా నవ్వేశాను, పక్కన పాలబండివాడు భయపడ్డాడు. అప్పటినుంచి కాళ్ళకి బలపాలు కట్టుకున్నట్టే, వారానికి మూడు రోజులు, ముప్ఫై కిలోమీటర్లు.

అది ఆయుధపూజ దాకా. ఆ తెల్లారి నుంచే ఈ తెగులు, ఆ తేదీ నేను ఫోనులో రాసుకున్నాను, అరుళ్‌కి చెప్పాను కూడా, పూజలో నీళ్ళు ఏమన్నా లోపలికి పోయాయేమోనని విప్పి చూశాడు, చుక్క లేదు. పూజ చేసింది మా అత్త, ఆనందన్ వాళ్ళమ్మ. తాయారు అని పేరు, తొండియార్‌పేటలో మూడు తరాల తెలుగువాళ్ళు, ఆనందన్ ఇక్కడికి వచ్చెయ్యమని ఎంత చెప్పినా హార్బరు హారను వినపడకపోతే నాకు నిద్ర పట్టదంటుంది, కానీ ఆయుధపూజకి మాత్రం వచ్చింది, కారుకి, మిక్సీకి, నా ఆఫీసు ల్యాప్‌టాపుకి, సైకిలుకి వరసగా గంధం బొట్లు పెట్టింది, చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించింది. నేను ఇలాంటివి నమ్మేదాన్ని కాదు. నమ్మను. అయినా అత్త విషయంలో నోరు మూసుకుంటాను, దానికి కారణం ఉంది. ఆసుపత్రిలో చూడనిచ్చేది రోజుకి ఒక గంట, ఆ గంటకి తొండియార్‌పేట నుంచి రెండు బస్సులు మారి వచ్చేది, అందరూ నా మొహం దగ్గర నిలబడి ధైర్యం చెబితే ఆవిడ మాత్రం మంచం కాళ్ళవైపుకి పోయి నా కుడికాలు పట్టుకునేది, బొటనవేలు రుద్దుతూ, ముందు ఇది కదలాల, ఎడమది తరవాత, ముందు ఇది, అని ఆ కాలికే చెప్పుకునేది. ఇరవైమూడో రోజు నా ఒంట్లో కింది సగంలో మొదట కదిలింది కుడికాలి బొటనవేలు. నరాలశాస్త్రానికి దానికీ సంబంధం లేదని నాకు తెలుసు, ఆవిడ రుద్దింది కాబట్టే కదిలిందని అనను. కదిలినప్పుడు ఆ వేలు ఆవిడ చేతిలో ఉందని మాత్రం అంటాను.

ఫోను మోగుతోంది. అత్తే. ఆవిడకి ఆరున్నర అంటే సగం పొద్దు.

“ఏమే ఇందూ, ఎక్కినావా బండి?”

“ఎక్కాను అత్తా. ముట్టుకాడులో ఉన్నా.”

“ఆడికి పోయినావా అప్పుడే! గాలి ఎట్లుంది ఆడ? ఈడయితే రేకులు ఎగిరిపోతా ఉండాయి.”

“ఉంది అత్తా, బాగానే ఉంది.”

“కుడికాలు పెట్టే గదా ఎక్కినావు?”

“కుడికాలే అత్తా.”

“సరి సరి, జాగర్తగా రా” అని పెట్టేసింది. రోజూ ఇంతే, ఆయుధపూజ నాడు ఒప్పందం చేసుకుంది నాతో, ఎక్కేటప్పుడు ముందు కుడికాలు పెట్టాల, కళ్ళు మూసుకుని అమ్మవారిని తలుచుకోవాల, అప్పుడు మీట నొక్కి దీపం వెలిగించాల, ఊరికే స్విచ్చేసినట్టు వేసి పోగూడదు. నేను తలుచుకునేది అమ్మవారిని కాదు, మంచం కాళ్ళ దగ్గర ఆ చేతిని, కానీ పెట్టమన్నట్టే కాలు పెడతాను, బ్రేకు పట్టుకుని, కుడిపాదం పెడలు మీద గట్టిగా ఆనించి, ఒక్క నిమిషం. ఆ ఒక్క నిమిషం రోజంతట్లో నేను ఏ లోపమూ వెతకని నిమిషం.

చెప్పులోంచి కుడికాలు తీసి రాతి మీద పెట్టాను. బొటనవేలు పైకి, కిందికి. కదులుతోంది. తిమ్మిరి ఉందా? ఉందనుకుంటే ఉంది. ఇదే కదా నా చావు, పదిహేను కిలోమీటర్లు తొక్కిన కాలికి తిమ్మిరి రావడం మామూలే, ఎవరికైనా వస్తుంది, కానీ ఎవరికైనా వచ్చేది నాకు వస్తే అది వేరే. మంచిరోజులు కూడా ఉన్నాయి, అవే ఇంకా భయం. ఈ మూడు వారాల్లో రెండుసార్లు బండి పాతరోజుల్లా పరుగెత్తింది, ఆ రెండుసార్లూ ఆనందన్ లిఫ్టులో బండిని కిందకి దించి, దీపం వెలిగించి, నా చేతికి ఇచ్చాడు, నేను ఎక్కి పోయాను, ఇవాళ కాళ్ళు బాగున్నాయనుకున్నాను, అయితే సగం దారిలో టీ తాగడానికి ఆగి, ఈలోపు బండి దానంతటదే నిద్రపోతే మళ్ళీ మీట నొక్కి లేపి ఎక్కితే, అయిపోయింది, కాళ్ళు చచ్చిపోయాయి. టీ తాగినంతసేపట్లో కాళ్ళు చావడమేమిటి. ఆ రెండురోజులు ఏం తిన్నాను, ఎన్ని గంటలు పడుకున్నాను, బ్యాటరీ ఎంత ఉంది, వాన పడిందా, అన్నీ ఫోనులో గళ్ళు గీసి రాసుకున్నాను, ఒక్కటీ ఇంకోదానితో కలవలేదు. కబురు మోసే నరం ఒక్కోసారి మోస్తుంది, ఒక్కోసారి మొయ్యదు, నాలుగేళ్ళ కిందట కూడా మొదటి రెండురోజులు అలాగే కదా ఉంది. చేసెయ్యి ఫోను. ఆనందన్‌కి చెప్పెయ్యి. వద్దు, ఇంకా ఇరవై నిమిషాలుంది.

“ఎన్నమ్మా, వండి ఓడలియా?”

చేపలావిడ. బండి నడవడం లేదా అని అడుగుతోంది, అరవంలో ఓడటమంటే నడవడమే. అప్పుడే వచ్చి దిగింది, నెత్తిమీద గంప, చేతిలో పసుపురంగు ఎలక్ట్రానిక్ తూకం, వయసు మా అత్తకి పదేళ్ళు తక్కువ ఉంటుందేమో. ఇదివరకు రెండుసార్లు ఆవిడ దగ్గర ఎండ్రకాయలు కొన్నాను, చిన్నపొన్ను అని పేరు. బండి ఓడుతుంది, కాలే ఓడటం లేదు అని నా తెలుగు అరవంలో అన్నాను, పొట్ట పట్టుకుని నవ్వింది, నవ్వుతూనే రాతి మీద గోనెపట్టా పరిచి, తూకాన్ని సమంగా పెట్టి, దాని మీద ఒక ఖాళీ ప్లాస్టిక్ బుట్ట పెట్టి, పక్కనున్న మీట నొక్కింది. ఎర్ర అంకెలు వెలిగాయి. బుట్టలో రొయ్యలు పోయడం మొదలుపెట్టింది. నా వృత్తిబుద్ధి ఊరుకోదు కదా, చావు ముందున్నా ఊరుకోదు, బుట్టతో కలిపి తూస్తావా, బుట్ట బరువుకి కూడా నేను డబ్బులివ్వాలా, అని అడిగాను. చిన్నపొన్నుకి కోపం వచ్చింది. రొయ్యలన్నీ మళ్ళీ గంపలోకి దులిపేసి, ఖాళీ బుట్టని నా మొహం ముందే తూకం మీద పెట్టి, ఆపి, మళ్ళీ మీట నొక్కింది. “పారు. జీరో.” చూడు, సున్నా. బుట్ట పెట్టాకే మీట నొక్కాను కదా, దానికి బుట్ట ఉన్నట్టే తెలియదు, అంది. అని, నన్ను ఇంకా నమ్మించడానికి బుట్టని ఎత్తి పక్కన పెట్టింది. తూకం మీద ఏమీ లేదు. అంకెలు మైనస్ ఆరువందల నలభై అన్నాయి.

మైనస్ ఆరువందల నలభై. ఖాళీ గాలి సున్నాకంటే తక్కువ. నేను ఆ అంకెల వంకే చూస్తున్నాను, కాకి వాలింది, లారీ పోయింది, చిన్నపొన్ను ఏదో అంటోంది, నాకు వినపడటం లేదు, ఎందుకంటే నా లోపల ఎక్కడో ఎవరో చాలా నెమ్మదిగా వరస చదువుతున్నారు, ముందు కుడికాలు, తర్వాత తలుచుకోవడం, తర్వాత మీట. ముందు బుట్ట, తర్వాత మీట. ముందు బరువు, తర్వాత మీట. నేను రోజూ కుడికాలు బరువంతా పెడలు మీద మోపి, బ్రేకు పట్టుకుని, ఇరుసు వెంట్రుకంత మెలిపడి ఉన్నప్పుడు దాన్ని నిద్రలేపుతున్నాను. అది కళ్ళు తెరిచేసరికి దాని ఒంటి మీద ఒక బరువుంది. లోకమంటే ఇలా ఉంటుంది కాబోలు, దీన్నే సున్నా అంటారు కాబోలు అనుకుంది పాపం, దాని తప్పేముంది, దానికి ముందు సంగతి ఎలా తెలుస్తుంది. ఇక ఆ బరువు దాటి తొక్కితేనే దాని లెక్కలో తొక్కినట్టు, అంతకు తక్కువ ఎంత తొక్కినా నేను ఊరికే కూర్చున్నట్టు. అరుళ్ పక్కన నిలబడి మీట నొక్కుతాడు, తర్వాత ఎక్కుతాడు, వాడికి వస్తుంది. ఆనందన్ వెలిగించి ఇస్తాడు, వస్తుంది. టీ దగ్గర నేను లేపుతాను, కుడికాలు పెట్టి, పోతుంది. ఇరవై రెండేళ్ళు వరసలు రాసినదాన్ని, ఏం తిన్నానో రాసుకున్నాను, ఎంత పడుకున్నానో రాసుకున్నాను, దండం రాసుకోలేదు. దండం కూడా ఒక మెట్టే అని ఎవరనుకుంటారు? బండి అనుకుంది. నేను రెప్ప మూసిన ఆ నిమిషాన్ని కూడా అది కొలిచింది, నా పాదంలో ఉన్న కృతజ్ఞతని గ్రాములతో సహా కొలిచి పక్కన పెట్టింది. నాకు చెయ్యెత్తి మొక్కాలనిపించింది, దేనికి మొక్కాలో తెలియక చిన్నపొన్ను తూకానికి మొక్కాను. ఆవిడ ఈసారి నవ్వలేదు, అరకిలో వేయనా అంది.

వేయమన్నాను. లేచి బండి దగ్గరికి వెళ్ళాను. లోపం నిజమైతే చేసి చూపించాలి, బాగు చేస్తే బాగైనట్టు కూడా చూపించాలి. పక్కన నేల మీద రెండుకాళ్ళ మీద నిలబడి, పెడలుని తాకకుండా, మీట నొక్కాను. తెల్లదీపం వెలిగింది. మూడు లెక్కపెట్టాను. అప్పుడు ఎక్కి కుడికాలు మోపాను, మోపీ మోపగానే, నేను ఇంకా తొక్కనే లేదు, ఉట్టి పాదం బరువుకే బండి ముందుకి దూకింది, పడబోయి నిలదొక్కుకున్నాను. వంతెన మొదటిదాకా, గాలికి ఎదురుగా, తిరిగి వెనక్కి. ఆవగింజంత ఇస్తే నిండుగా పోసింది. మూడు వారాలుగా ఇది ఇక్కడే ఉంది, కాచుకునే ఉంది, ఎప్పుడు తొక్కుతుందా ఈవిడ అని. మళ్ళీ ఆపాను. ఈసారి అత్త చెప్పినట్టు, కాలు, తలుచుకోవడం, మీట. బండి చచ్చింది. మళ్ళీ ఆపి, మీట, కాలు. బతికింది. తప్పు నా చేతిలోకి వచ్చింది, ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు వస్తోంది, నా వృత్తిలో ఇంతకు మించిన ఆనందం లేదు. “ఇప్ప ఓడుదా?” అని అరిచింది చిన్నపొన్ను. ఇప్పుడు ఓడుతోంది.

ఆనందన్‌కి చేద్దామని తీసిన ఫోనులో అత్త నెంబరు నొక్కాను. ఎలా చెప్పాలి, అత్తా నీ కుడికాలే బండి తెగులు అని ఎలా చెప్పాలి.

“అత్తా, కోపం తెచ్చుకోవద్దు. ఇకనుంచి మీట ముందు నొక్కి కాలు తర్వాత పెడతాను. కాలు ముందు పెడితే బండి ఆ బరువుని సున్నా అనుకుంటోంది. మూడు వారాలుగా అందుకే సరిగ్గా సాయం చెయ్యలేదు.”

అవతల రేకుల మీద గాలి వినపడుతోంది.

“ముందే చెప్పుంటే నేనే చెప్పుందును గదే” అంది అత్త. “మీ మామ హార్బరులో లారీ తూకం కాడ ముప్పై ఏండ్లు చేసినాడు. ఖాళీ లారీని తూచినాకనే లోడు ఎక్కిచ్చేది. లోడు మీద తూస్తే ఆ లెక్క ఎవురికి పనికొస్తాది? దానికెందుకు కోపం, కాలు తరవాతనే పెట్టు. కుడిదే పెట్టు.”

“కుడిదే అత్తా.”

“అట్లయితే ఇందూ,” అని ఆగింది, ఆవిడ దేన్నో లెక్కపెడుతున్నట్టుంది, “ఈ మూడు వారాలూ బండి సాయం చెయ్యకపోతే, ఆ గాలిలో దాన్ని ఆడికీ ఈడికీ తొక్కింది ఎవురే?”

వేళ్ళ మీద లెక్కపెట్టాను. వారానికి మూడుసార్లు, మూడు వారాలు, సారికి ముప్ఫై, మోటారూ బ్యాటరీ మోసుకుంటూ పదిహేను కిలోల బండి, ఐప్పసి గాలి, ఎదురుగా, రెండు సగం దారులు తప్ప సరైన సాయం లేకుండా. కాళ్ళు చచ్చిపోతున్నాయని నేను ఏడుస్తుంటే కాళ్ళు మాట్లాడకుండా తొక్కాయి. మూడు వారాలుగా ఒక బరువుని నేనూ సున్నా అనుకున్నాను. వంగి చూసుకున్నాను, మోకాలి కింద మట్టి, కుడి పిక్క మీద గొలుసు నూనె గీత, నరం ఒకటి ఉబ్బి కొట్టుకుంటోంది. ఇది నాది. ఈ పాదానికే చెప్పు తెలియలేదు.

“నేనే అత్తా.”

“మరి?” అంది అత్త, రోజూ కూరేం చేశావని అడిగే గొంతుతోనే. “నేను ఆయాల ఊరికే రుద్దినానా ఆ కాలిని?”

ఏడింటికి మూడు నిమిషాలుండగా ఆనందన్‌ని లేపాను. కారు తేవాలా అని నిద్రగొంతుతోనే అడిగాడు, ఎప్పుడూ అడగనివాడు ఇవాళ అడిగాడు, అంటే నా మొహం ఎప్పుడో చూసేశాడన్నమాట. వద్దు, తొక్కుకుంటూ వస్తాను, రొయ్యలు తెస్తున్నాను అన్నాను. పదకొండింటికి డాక్టరు దగ్గర టైము ఉంది, భయపడి తీసుకున్నాను, ఇప్పుడు భయం లేదు, అయినా వెళ్దాం, నువ్వు కూడా రా, అన్నీ చెబుతాను అన్నాను. సరే అన్నాడు. చిన్నపొన్ను కట్టిచ్చిన రొయ్యల పొట్లాం వీపుసంచిలో పెట్టుకున్నాను. వెనకనీళ్ళ మీద ఎండ పడింది, కొంగ రెండో కాలు దించింది. బండి ఎక్కడానికి వచ్చి, వెలుగుతున్న తెల్లదీపాన్ని కాసేపు చూసి, మీట నొక్కి ఆర్పేశాను. అది ఆరింది కాబట్టి ఇప్పుడు ఏది ముందైనా ఒకటే, కొలిచేవాళ్ళు లేరు. ముందు కుడికాలు పెట్టాను, కళ్ళు మూసుకున్నాను, ఒక నిమిషం అలాగే ఉన్నాను. తర్వాత ఎడమకాలు ఎత్తి వంతెన మీదికి, గాలిలోకి తొక్కడం మొదలుపెట్టాను.